చెవిలో తాళంచెవి

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, నా చెవిని పాడుచేసింది స్విమ్మింగ్ పూల్ నీళ్లు కాదు, నా స్కూటర్ తాళంచెవి. నీళ్లతో మొదలై ఉండొచ్చు గానీ అక్కడి నుంచి నడిపించింది మాత్రం నేనే.

మే నెలలో మా పాపని స్విమ్మింగ్‌లో చేర్పించాం. గంటసేపు గట్టున కూర్చుని ఫోన్ చూడడం దేనికని నేనూ దిగాను. రెండో వారానికి కుడి చెవిలో దురద మొదలైంది. నొప్పి లేదు, జలుబు లేదు, ఊరికే లోపల ఎవరో ఈకతో రాస్తున్నట్టు. ఆఫీసులో కూర్చుంటే చెయ్యి దానంతటదే జేబులోని తాళంచెవి మీదికి పోయేది, చెవిలో పెట్టి తిప్పితే ఆ రెండు సెకన్ల సుఖం ఏమిటో అలవాటున్నవాళ్లకే తెలుసు. ఇంట్లో అయితే బడ్స్, అవి అయిపోతే మా ఆవిడ తలపిన్ను. అమ్మ ఊరి నుంచి వచ్చి, "చెవిలోకి గాలి పోయుంటుందిరా" అంటూ వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు పోసింది. చిన్నప్పుడు పోసేదే కదా అని నేనూ కాదనలేదు.

నాలుగో రోజు రాత్రి కుడివైపు ఒత్తిగిల్లితే ప్రాణం పోయినంత పనైంది. పొద్దున ఇడ్లీ నమిలినా నొప్పే. చెవి పట్టుకుని కాస్త లాగినా, రంధ్రం ముందుండే చిన్న బుడిపెను నొక్కినా కళ్లలో నీళ్లు తిరిగాయి. బయటి చెవి ఇన్ఫెక్షన్‌కి ఇదే పెద్ద గుర్తని తర్వాత తెలిసింది. అప్పుడేం తెలుసు, మెడికల్ షాపుకి వెళ్లి "అన్నా, చెవి నొప్పికి చుక్కలు" అన్నాను, ఇచ్చాడు. మూడు రోజులకి తగ్గింది, ఆపాను, మళ్లీ దురద, మళ్లీ సీసా. అలా రెండు సీసాలయ్యాయి. ఈలోపు ఆ చెవి సగం వినబడడం మానేసింది.

ఆఖరికి ఈఎన్‌టీ దగ్గరికి వెళ్తే చెవిలోపలంతా స్క్రీన్ మీద చూపించారు. తడిసిన న్యూస్‌పేపర్ ముక్క మీద మిరియాల పొడి చల్లినట్టుంది.

"ఆ నల్లగా ఉన్నవేంటి డాక్టర్ గారూ?"

"ఫంగస్. మీరే పెంచారు."

నేను వాడింది యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలట. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌కి అది సరైన మందే గానీ, ఇష్టమొచ్చినట్టు వారాల తరబడి వాడితే ఫంగస్‌కి దారిచ్చినట్టేనట, తడి, నూనె ఉండనే ఉన్నాయి. ఇక గులిమి అని మనం అసహ్యించుకునేది నిజానికి చెవికి కాపలా, కొంచెం ఆమ్ల గుణంతో క్రిముల్ని ఆపుతుంది, దాన్ని నేను రోజూ బడ్స్‌తో తుడిచేసి, మిగిలిన చర్మాన్ని తాళంచెవితో గీరాను. చెవి లోపలి భాగంలో చర్మం కింద కండ ఉండదు, నేరుగా ఎముకే, అందుకే కొంచెం వాచినా అంత నొప్పి.

సక్షన్ పైపుతో శుభ్రం చేశారు. చెవిలో మిక్సీ వేసినంత చప్పుడు, పైగా కళ్లు తిరిగాయి. దారి వాచి మూసుకుపోయిందని, మందులో ముంచిన సన్నటి గాజుగుడ్డ లోపల పెట్టి రెండు రోజుల తర్వాత తీశారు. ఆ తర్వాత ఫంగస్‌ని చంపే క్లోట్రిమజోల్ చుక్కలు, వారానికోసారి చొప్పున మూడుసార్లు క్లీనింగ్. దురద పోయాక కూడా డాక్టర్ చెప్పినన్ని రోజులూ చుక్కలు ఆపలేదు. ముందు అలా ఆపే కదా ఇంతదాకా తెచ్చుకున్నాను.

చుక్కలు వేసుకోవడంలోనూ ఓ పద్ధతి ఉంది. చల్లటి మందు పోస్తే గది గిర్రున తిరుగుతుంది, అందుకని సీసాని గుప్పిట్లో కాసేపు వెచ్చబెట్టాలి. పక్కకి పడుకుని వేసుకుని, ఆ బుడిపెను మెల్లగా నాలుగైదుసార్లు నొక్కితే మందు లోపలికి దిగుతుంది, ఐదు నిమిషాలు లేవకూడదు. స్నానానికి వెళ్లేటప్పుడు దూదికి వాసెలిన్ రాసి చెవికి అడ్డం పెట్టుకునేవాణ్ణి. పూల్ బంద్, ఇయర్‌ఫోన్స్ బంద్.

షుగర్ ఉందా అని డాక్టర్ రెండుసార్లు అడిగి టెస్ట్ కూడా రాశారు. షుగర్ ఉన్న పెద్దవాళ్లలో ఇది ఎముకలోకి పాకి ప్రాణం మీదికి తెచ్చే అవకాశం ఉందట. నాకు లేదు, అమ్మకి ఉంది. ఆవిడ కూడా తన చెవిలో అదే నూనె పోసుకుంటుంది. ఆ సీసా దాచేశాను, ఇంకా వెతుకుతూనే ఉంది.

ఇప్పుడు మళ్లీ ఈతకి వెళ్తున్నాను. బయటికి రాగానే తల పక్కకి వంచి నీళ్లు కారనిచ్చి, టవల్‌తో పైపైన తుడుచుకుని, హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో ఒక అడుగు దూరం నుంచి పెడతాను. వెనిగర్ చుక్కలు వేసుకోమని పూల్ దగ్గర ఒకాయన చెప్పారు గానీ, కర్ణభేరికి చిల్లు లేదని డాక్టర్ చూసి చెప్పేదాకా అలాంటివేవీ పోయకూడదు.

దురద అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. మా పాప నా తాళంచెవికి అరచేయంత ఎలుగుబంటి బొమ్మ తగిలించింది, దాన్ని చెవిదాకా ఎత్తితే ఆఫీసంతా చూస్తుంది.