జ్వరం తగ్గిన రాత్రి సూప్

మూడు రోజుల జ్వరం తర్వాత నోటికి ఏదీ రుచించలేదు. రాత్రి నేనే లేచి వెజిటబుల్ సూప్ పెట్టుకున్నాను. అర చెంచా నూనెలో వెల్లుల్లి, ఉల్లిపాయ మగ్గాక సన్నగా తరిగిన క్యారెట్, బీన్స్, పచ్చి బఠాణీ వేసి 4 కప్పుల నీళ్లు పోశాను. అవి ముప్పావు వంతు ఉడికాకే క్యాబేజీ. ముందే వేస్తే మెత్తబడిపోయి ఒక రకమైన వాసన వస్తుంది, అది నాకు అస్సలు పడదు.

కార్న్‌ఫ్లోర్ మాత్రం చల్లటి నీళ్లలోనే కలపాలి, వేడి నీళ్లలో ఉండలు కడుతుంది. పోయగానే పాలలా తెల్లగా ఉన్న సూప్ రెండు నిమిషాల్లో చిక్కబడి నిగనిగలాడింది. కూరగాయల్లోని సి విటమిన్ కొంత నీళ్లలోకి దిగుతుంది కదా, ఇక్కడ ఆ నీళ్లు కూడా మనమే తాగుతాం.

దించి మిరియాల పొడి చల్లాను. మొదటి గుక్కకే గొంతు వెచ్చబడింది. ఇన్నాళ్లకి ఆకలేసింది! రెండో కప్పు కూడా తాగి హాయిగా పడుకున్నాను.