పాయసానికి దాతలున్నారు, అద్దెకు లేరు

అనంతపురంలో గుత్తి రోడ్డు వైపు ఒక అద్దె ఇంట్లో చిన్న మద్యవిముక్తి కేంద్రం ఉంది. నడిపే ఆయన ఒకప్పుడు తాగుడులో మునిగి తేలిన మనిషే. నేను బ్యాంకు నుంచి రిటైరై ఖాళీగా ఉన్నానని తెలిసి, "సార్, మా లెక్కలు ఒకసారి చూడండి" అని పిలిచాడు. పుస్తకాలు చూపిస్తాడనుకున్నాను. బిస్కెట్ల రేకు డబ్బా చేతికిచ్చాడు. నిండా రసీదులు, అడుగున మూడు నెలలుగా కట్టని కరెంటు బిల్లులు.

ఆ మధ్యాహ్నం భోజనం అక్కడే. ఎవరిదో పెళ్లిరోజట. ఓళిగలు, పులిహోర, పాయసం. ముందురోజు ఇంకెవరిదో వర్ధంతి భోజనం. వంటగదిలో ఆరు బియ్యం బస్తాలు. గేటు దగ్గర ఇంటి యజమాని. మన వైపు అన్నం పెడితే పుణ్యం. కౌన్సెలర్ జీతం ఇస్తే పుణ్యమని ఎవరూ చెప్పలేదు పాపం.

"ఒక మనిషికి రోజుకు ఎంతవుతోందయ్యా?" అన్నాను.

"దేవుడికే తెలియాలి సార్."

దేవుడిని ఇబ్బంది పెట్టకుండా ఇద్దరం కూర్చుని కూడాం. నెల ఖర్చు 1,35,000. పడకలు పదిహేను, ఉండేది సగటున పది మంది. తలకు రోజుకు 450. ఖాళీ పడక కూడా అద్దె తింటుందని ఆయన ఆ రోజే గమనించాడు. పుట్టినరోజు దాతలను భోజనానికి బదులు ఒక మనిషి ఒక రోజు ఖర్చు భరించమని అడగడం మొదలుపెట్టాం. మొదటి నెల నలుగురే ఒప్పుకున్నారు. "పాయసమైతే తింటుంటే చూస్తాం, జీతమిస్తే ఏం కనిపిస్తుంది?" అన్నాడొక బట్టల కొట్టు యజమాని. న్యాయమైన మాటే. అప్పటి నుంచి నెలాఖరున జమాఖర్చులు గేటుకే అంటిస్తున్నాం.

దాతలకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇప్పించే 80జీ గుర్తింపు గడువు తీరిపోతే మళ్లీ తెచ్చుకున్నాం. 2,000 దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు రాదు కాబట్టి క్యూఆర్ కోడ్ పెట్టించాం. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద లాభాలున్న కంపెనీలు సామాజిక సేవకు లాభాల్లో 2 శాతం తీయాలని ఆయన రెండేళ్లుగా ఫైలు పట్టుకుని తిరుగుతున్నాడు. వస్తే మంచాలు కొనుక్కో, అద్దెకు మాత్రం దాన్ని నమ్ముకోకు అన్నాను.

రుసుము దగ్గరే పేచీ వచ్చింది. బాధలో వచ్చిన వాళ్లను డబ్బు అడగనన్నాడు. ఒకరోజు మిషన్ కుట్టే ఒకామె కొంగుముడి విప్పి 500 తీసింది. ఈయన వద్దన్నాడు. "రోజూ సీసాకు పోయే డబ్బే కదన్నా, తీసుకో. ఊరికే పెట్టుకుంటే మా ఆయనకు విలువ తెలియదు, మధ్యలో లేచి వచ్చేస్తాడు" అంది. నేను నెల రోజులు వాదించి గెలవలేనిది ఆమె గుమ్మంలో నిలబడి గెలిచింది. ఇప్పుడు ఎవరి శక్తి కొద్దీ వాళ్లు ఇస్తున్నారు, లేనివాళ్లకు ఉచితం.

బాగుపడి వెళ్లిన ఇరవై ఏడు మంది నెలకు 200 చొప్పున పంపుతున్నారు. అందులో ఒక ఆటో డ్రైవరు ఎప్పుడూ 11వ తేదీనే పంపుతాడు, తాగడం మానిన తేదీ అది. గత నెల 11న సాయంత్రమైనా డబ్బు రాలేదు. ఫోను చేయడానికి ఇద్దరమూ జంకాం. రాత్రి తొమ్మిదింటికి 200 వచ్చాయి, వెనకే ఒక సందేశం: "బండి రిపేరు అన్నా, ఆలస్యమైంది."