నూటికి రూపాయిన్నర: బరంపురంలో నా అనుభవం

నేనిచ్చిన మూడు లక్షల అప్పులో చివరి 20,000 పోయిన వారం నా ఖాతాలో పడ్డాయి. మనసు ఇంకా పూర్తిగా కుదుటపడలేదు కానీ, మరుపు రాకముందే రాసిపెట్టాలని కూర్చున్నాను. ఒడిశాలోని బరంపురంలో ఒక పట్టుచీరల టోకు దుకాణంలో ఇరవయ్యేడేళ్లు లెక్కలు రాసి మానుకున్నప్పుడు, దుకాణం ఇచ్చినదీ, అమ్మగారి ఇంట్లో నా వాటాగా వచ్చినదీ కలిపి 20 లక్షల దాకా చేతికి వచ్చింది. అందులో కొంత నేల మీద, కొంత వడ్డీ మీద పెట్టాలని నిశ్చయించుకున్నాను. అన్నేళ్లు పరుల లెక్కలు పైసా తేడా రాకుండా చూసినవాణ్ని, నా లెక్క నేను చూసుకోలేనా అనే ధీమా నాకుండేది.

నేల సంగతి తొందరగానే తేలింది. పట్టణం వెలుపల 3 డిసిమిళ్ల ఇంటిస్థలం, అంటే సుమారు 1,307 చదరపు అడుగులు, 9 లక్షలకు కుదిరింది. ఒడిశాలో మగవారి పేరిట కొంటే స్టాంపు సుంకం నూటికి 5, ఆడవారి పేరిటనైతే 4, రిజిస్ట్రేషను రుసుము ఎవరికైనా 2 కాబట్టి మా ఆవిడ పేరిట రాయించి 9,000 మిగుల్చుకున్నాను. భూలేఖ్‌లో, అంటే ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటులో, పట్టా తీసి చూడడం, ముప్పై ఏళ్లకు ఈ.సీ. (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) తీయించడం ఎవరైనా చేయగలిగిన పనులే. నేల రకం చెప్పే కిసం గడిలో ఘరబారి, అంటే ఇంటిస్థలం, అని ఉందో, సాగునేల అని ఉందో మాత్రం తప్పక చూసుకోవాలి. సాగునేల అయితే భూసంస్కరణల చట్టం 8-ఏ కింద మార్పిడి చేయించిన తరువాతే ఇంటి మాట. అమ్మేవారు షెడ్యూల్డు కులాలవారో, తెగలవారో అయి, కొనేవారు కాకపోతే, అదే చట్టం 22వ సెక్షను ప్రకారం రెవెన్యూ అధికారి ముందస్తు అనుమతి లేని అమ్మకం చెల్లదు.

అమ్మినాయన తాతగారి నాటి దస్తావేజు తెలుగులో ఉంది. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ఏర్పడేవరకు గంజాం మద్రాసు పాలనలోనే ఉండేది కదా. దళారి ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుంటే, నేను తిప్పి పట్టుకుని గడగడా చదివి వినిపించాను. ఆ గర్వం, రికార్డుల్లో పేరు మార్చే మ్యుటేషను విచారణ వరకే నిలిచింది. ఏ తహసీలో చెప్పను కానీ, అక్కడి గుమాస్తా పాత పర్చా, అంటే భూమి వివరాల కాగితం, నా ముందుకు తోసి, చివరి గడి చదవమన్నాడు. ఒక్కో అక్షరం నెత్తిన ఒక్కో గొడుగు పట్టినట్టుండే ఒడియా లిపిని అచ్చులోనైతే కూడబలుక్కుంటాను గానీ, చేతిరాతలో నాకు గొడుగులు తప్ప మరేమీ కనిపించలేదు. నేల కొలిచే అమీను మూడు తేదీలు ఇచ్చి నాలుగోదానికి వచ్చాడు. మొత్తం ఏడు నెలలు పట్టింది. ఆ తరువాత రేకుల కప్పుతో రెండు గదులు వేయించి 4,500 అద్దెకు ఇచ్చాను. నాటి నుంచి ఒక్క నెల కూడా ఖాళీ పడలేదు.

ఆ రోజుల్లోనే రాయగడలో ఉండే మా బావమరిది, "బావా, మీ మూడు డిసిమిళ్ల ధరకు ఇక్కడ ఎకరాలు వస్తాయి, కాగితాల మీద పేరు మాత్రం ఇంకొకరిది పెడదాం" అని బేరం తెచ్చాడు. రాయగడ జిల్లా అంతా షెడ్యూల్డు ప్రాంతం. గిరిజనుల భూముల బదిలీ మీద 1956 నాటి రెగ్యులేషనుకు చేసిన సవరణ 2002లో అమలులోకి వచ్చిన తరువాత, అక్కడి గిరిజనుల భూమి గిరిజనేతరులకు దక్కే దారే లేదు. గిరిజన పాలేరు పేరున కొని పంట తాము తింటూ, ఊళ్లో దానధర్మాలు చేసే పెద్దమనుషులను నేనెరుగుదును. నేను ఆ పాపానికి ఒడిగట్టలేదని గొప్పగానే చెప్పుకుంటాను. ఆ మాట మీద బావమరిది నాతో ఏడాది పాటు సరిగ్గా మాట్లాడలేదు.

ఇక అసలు కథ వడ్డీదే. నూటికి నెలకు రూపాయిన్నర చొప్పున ఆరుగురికి 6,80,000 ఇచ్చాను. బజారులో రెండు, మూడు రూపాయలు నడుస్తుండగా నేను పుచ్చుకునేది ధర్మవడ్డీ అని నా నమ్మకం. దుకాణంలో అలవాటైన పద్ధతిలో ఒక పొడుగాటి నోటుబుక్కు పెట్టి, స్కేలుతో గడులు గీసి, పేరు, తేదీ, అసలు, వడ్డీ, జమ, నిలువ రాసి, వడ్డీ ముట్టిన ప్రతి నెలకూ ఎర్రసిరాతో టిక్కు పెట్టేవాణ్ని. ఆ పుస్తకం చూసుకుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

ఐదుగురు సక్రమంగానే కట్టారు. ఆరో ఆయన చీరల వ్యాపారి, దుకాణం నాటి నుంచి ఇరవై ఏళ్ల పరిచయం, నన్ను అన్నయ్యా అని తప్ప పిలవడు. కూతురి పెళ్లికి 3 లక్షలు కావాలంటే, గుడ్డసంచిలో పెట్టి నగదుగానే ఇచ్చాను. రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించిన ప్రోనోటు మీద సంతకం చేశాడు. నేను అడగకుండానే ఇంటి దస్తావేజులు పసుపుపచ్చ ప్లాస్టిక్ కవరులో తెచ్చి, "ఇవి మీ దగ్గర ఉంటేనే నాకు నిద్ర పడుతుంది, అన్నయ్యా" అన్నాడు. వాటిని బీరువాలో పెట్టి తాళం వేసి, ఇల్లే నా బీరువాలో ఉన్నట్టు నేనూ హాయిగా నిద్రపోయాను. ఎనిమిది నెలలు 4,500 చొప్పున వచ్చాయి. తొమ్మిదో నెల సగమే వచ్చింది, పదో నెల నుంచి అదీ లేదు. అడిగితే "ఠాకురాణి యాత్ర దాటనివ్వండి, అన్నయ్యా" అనేవాడు. రెండేళ్లకొకసారి వచ్చే ఆ అమ్మవారి యాత్ర కూడా వచ్చింది, వెళ్లింది.

ప్రోనోటుకు రెండేళ్ల ఏడు నెలలు నిండాక, మూడేళ్లు దాటితే దావాకు పనికిరాదని ఎవరో చెప్పగా కంగారుపడి వకీలు దగ్గరకు వెళ్లాను. ముందుగదిలోనే ఆయన బల్ల, ఎదురుగా రెండు బెంచీల మీద ఐదారుగురు కక్షిదారులు. నా నోటుబుక్కు చూపిస్తే నేనెంత పద్ధతి గల మనిషినో ఆయనకు తెలుస్తుందనుకుని, తెరిచి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని ఆరు పేర్లూ, అప్పులతో సహా, గట్టిగా చదివారు. నాలుగో పేరు వినగానే బెంచీ మీది ఒకాయన చటుక్కున తలెత్తి నా వైపు చూశాడు. వారి చుట్టమేమో, ఇప్పటికీ నాకు తెలియదు.

"లైసెన్సు ఏదండీ?" అన్నారు వకీలుగారు. గుర్తింపు కోసం అడుగుతున్నారనుకుని, జేబులోంచి డ్రైవింగు లైసెన్సు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాని వంకా నా వంకా చూసి, "ఇది స్కూటరు నడపడానికి. వడ్డీ వ్యాపారం నడపడానికి ఏదీ?" అన్నారు. రెండు బెంచీలూ ఘొల్లుమన్నాయి. గుమాస్తా కుర్రవాడు టైపు చేయడం ఆపి మరీ నవ్వాడు. యాభై ఆరేళ్ల వయసులో, నలుగురిలో, చెవులు వేడెక్కడమంటే ఏమిటో ఆనాడే తెలిసింది.

తరువాత ఆయన ఓపికగానే చెప్పారు. 1939 నాటి ఒడిశా వడ్డీ వ్యాపారుల చట్టం ప్రకారం, వడ్డీకి ఇవ్వడం వృత్తిగా పెట్టుకున్నవారికి అప్పు ఇచ్చిన నాటికే రిజిస్ట్రేషను (ఆయన అడిగిన లైసెన్సు అదే) ఉండాలి, లేకపోతే వసూలుకు దావా నిలవదు. ఎప్పుడో ఒకసారి స్నేహితునికి చేబదులు ఇస్తే అది వ్యాపారం కాదని వాదించవచ్చు. "కానీ మీరు ఆరుగురికి, ఒకే వడ్డీకి, నెలనెలా వసూలు చేశారు. అది వ్యాపారమని అవతలివారు రుజువు చేయనక్కరలేదు, మీరే ఎర్రసిరాతో రుజువు చేసి పెట్టారు" అన్నారు.

బీరువాలోని దస్తావేజుల సంగతి చెప్పబోతే దానికీ సమాధానం వచ్చింది. తనఖాను రిజిస్టరు చేయించాలి. పత్రాలు అప్పగించి తనఖా పెట్టే పద్ధతి ఒకటున్నా, అది ప్రభుత్వం ప్రకటించిన పట్టణాల్లో, ఆ ఉద్దేశం రుజువైనప్పుడే చెల్లుతుంది. నా అప్పు ఆ ఇంటి ఈ.సీ.లో ఎక్కడా కనిపించదు. బాకీదారు కావాలంటే రిజిస్ట్రేషను కార్యాలయంలో నకలు తీసుకుని ఇల్లు అమ్ముకోవచ్చు, నా బీరువా మాత్రం అలాగే తాళం వేసి ఉంటుంది. ఇక నగదు విషయం: 20,000 గానీ అంతకు మించి గానీ అప్పు నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం పుచ్చుకున్నవారి తప్పే అయినా, బ్యాంకు ద్వారా ఇవ్వని నాకు ప్రోనోటు తప్ప వేరే సాక్ష్యం మిగల్లేదు.

కోర్టుకు వెళ్లవలసినవాణ్ని బాకీదారు ఇంటికే వెళ్లాను. వడ్డీ వదులుకుంటాను, అసలు ఇప్పించమని, అప్పు ఇచ్చిన నేనే చేతులు కట్టుకుని నిలబడి అడిగాను. ఆయన భార్య మాత్రం మజ్జిగ ఇచ్చి, "అన్నయ్యగారి సొమ్ము మనకెందుకండీ" అని భర్తను నిలదీసింది. నేటికీ ఆ ఇంట్లో నేను గౌరవించేది ఆమెనొక్కదాన్నే. నెలకు 20,000 చొప్పున పదిహేను వాయిదాలు, అన్నీ బ్యాంకు ద్వారానే అని ఒప్పందం కుదిరింది. రెండు నెలలు ఆలస్యమైనా మొత్తం వచ్చింది. మిగతా ఐదుగురి లెక్కలూ తేల్చేశాను. వడ్డీకి ఇవ్వాలనుకునేవారు మొదటి రూపాయి ఇవ్వకముందే లైసెన్సు తీసుకోవాలి. నాకు మళ్లీ ఆ బెంచీల ముందు కూర్చునే ఓపిక లేదు కనుక, వచ్చిన సొమ్ముతో మరో 2 డిసిమిళ్లు చూస్తున్నాను. ఈసారి పర్చా చదివిపెట్టడానికి ఒడియా మాస్టారినొకరిని మాట్లాడుకున్నాను.

మొన్న ఆదివారం ఆ చీరల వ్యాపారి తన దస్తావేజుల కోసం వచ్చాడు. అదే పసుపుపచ్చ కవరు తీసి చేతికిచ్చాను. కాగితాలు బయటికి తీసి, వేలు తడి చేసుకుంటూ ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. అయిపోయాక, నా ఎదురుగానే, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.