అద్దాల లోడు

విశాఖ నుంచి బరంపురంలోని మా అన్నయ్య షాపుకు అద్దాలు తెచ్చేది నేనే. 12 మి.మీ. అద్దం చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది. పడుకోబెట్టి తెస్తే గతుకుల్లో వంగి పగులుతుంది, నిలబెట్టాల్సిందే. లారీ మీద ఇనుప స్టాండు, కింద రబ్బరు, అద్దాల మధ్య కాగితం. స్టాండుకు రెండు వైపులా సమానంగా పేర్చాలి, దించేటప్పుడూ అటొకటి ఇటొకటి. ఒక పక్కే ఖాళీ చేస్తే స్టాండు ఒరుగుతుంది, కింద మనుషులుంటారు.

నా టెన్షనంతా అంచుల గురించే. టెంపర్డ్ అద్దం, అంటే బాగా వేడిచేసి చటుక్కున చల్లార్చి గట్టిపరిచింది, నడిమధ్య దెబ్బను ఓర్చుకుంటుంది, మూలకు గట్టిగా తగిలితే మాత్రం మొత్తం పొడిపొడి. అందుకే లోడును బిగించి కట్టే బెల్టు అంచుల మీద వంగే ప్రతిచోటా అట్ట మడిచి పెడతాను. కొంత దూరం పోయాక లోడు సర్దుకుని బెల్టు వదులవుతుంది. డ్రైవర్ బాబాయి విసుక్కున్నా సరే, శ్రీకాకుళం దగ్గర ఆపించి, వేలితో మీటి చూసి మళ్లీ బిగిస్తాను. ఇచ్ఛాపురంలో ఇంకోసారి.