జాగ ఉన్నా జాగ లేదు

ఆ రోజుల్లో మన హనుమకొండ ల్యాబులో ఒక్కో కంప్యూటర్‌కు 40 జీబీ డిస్కు. దాంట్లోనే విండోస్ ఎక్స్‌పీ, పక్కన లినక్స్. డిస్కు మీద 40 అని రాసి ఉండి తెర మీద 37.25 కనబడితే, మిగతాది ఎటు పోయిందని అడగని బ్యాచ్ లేదు. ఎటూ పోలేదు. కంపెనీ వెయ్యి లెక్కన కొలిస్తే విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది, అంతే.

అసలు పేచీ ఇన్‌స్టాలర్ "డిస్కులో జాగ లేదు" అన్నప్పుడు. చాలాసార్లు నిండింది డిస్కు కాదు, ఒక పార్టిషన్, అంటే డిస్కును విడగొట్టిన ఒక భాగం. ఎంత పెద్ద ఇల్లయినా ఏ అర్ర సామాను ఆ అర్రలోనే పట్టాలె. మన సొంత ఫైళ్లుండే హోమ్‌లో 20 జీబీ ఊరికే పడి ఉన్నా, లినక్స్ సిస్టమ్ దిగే రూట్‌కు 4 జీబీయే ఇస్తే పని సగంలో ఆగుతుంది. అప్‌గ్రేడ్‌లో మరీ కష్టం: దించుకున్న ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ మూటలు) వార్ (/var) డైరెక్టరీలో ఉండగానే సిస్టమ్ వాటిని విప్పి యూఎస్ఆర్ (/usr) డైరెక్టరీలో పరుస్తుంది. సామాను సర్దినా మూట అట్లనే ఉంటుంది. ఉబుంటు అనే లినక్స్‌లో ఆప్ట్ క్లీన్ (apt clean) అనే కమాండ్ కొడితే ఆ మూటలు పోతాయి.

లినక్స్ ఇన్‌స్టాలర్ ఆగితే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కి కమాండ్లు కొట్టే షెల్‌లోకి పోయి డీఎఫ్ మైనస్ హెచ్ (df -h) కొట్టాలె, ఏ పార్టిషన్ ఎంత నిండిందో చూపిస్తుంది. శాతం ఒక్కటే చూసి కంగారు పడొద్దు, అది ఏ డైరెక్టరీదో చెప్పే చివరి కాలమ్ చదవాలె. ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఎక్కినప్పుడు అక్కడ కనబడే రూట్ ర్యామ్‌లో ఉన్నది. అది నిండితే డిస్కును తిట్టి లాభం లేదు. జీబీలు మిగిలి ఉన్నా జాగ లేదంటే డీఎఫ్ మైనస్ ఐ (df -i) కొట్టి చూడాలె: ఐనోడ్లు, అంటే ఫైలుకొకటి చొప్పున ఉండే నమోదులు, అయిపోయి ఉంటాయి. చిన్న ఫైళ్లు లక్షల్లో ఉన్నచోట అట్లయితది.

లినక్స్ మొదలయ్యే ఫైళ్లుండే బూట్ పార్టిషన్ వేరుగా పెట్టేవాళ్లు 200 ఎంబీతో సరిపెట్టొద్దు. ప్రతి కొత్త కెర్నల్ (లినక్స్ అసలు గుండె) తన ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ అనే బూటింగ్ ఫైలుతో సహా అక్కడే దిగుతుంది, రెండు మూడింటికే నిండుతుంది. 1 జీబీ ఇస్తే నిశ్చింత. పాతవి తీయాలంటే ఆప్ట్ ఆటోరిమూవ్ (apt autoremove) వాడాలె. ఆర్ఎం (rm) కమాండ్‌తో నేరుగా చెరిపితే ఫైళ్లు పోతాయిగానీ ప్యాకేజీ లెక్కల్లో కెర్నల్ అట్లనే ఉంటుంది. ముందు యూనేమ్ మైనస్ ఆర్ (uname -r) కొట్టి ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏదో చూసుకోవాలె.

పార్టిషన్ల పట్టికను పాత ఎంబీఆర్ పద్ధతిలో రాసుకునే డిస్కుల తిరకాసు వేరు. ప్రైమరీ పార్టిషన్లు నాలుగే. కంపెనీ పెట్టిన రికవరీ పార్టిషన్‌తో కలిపి నాలుగూ వాడేస్తే, 100 జీబీ ఖాళీగా కనబడినా ఐదోది పుట్టదు. ఒకదాన్ని తీసేసి ఎక్స్‌టెండెడ్ చేసి, దాని లోపల లాజికల్ వేసుకోవాలె. కొత్త పద్ధతి జీపీటీలో ఈ గొడవ లేదు.

విండోస్ పక్కన లినక్స్ పెట్టబోతే, సీ డ్రైవ్‌లో 60 జీబీ ఖాళీ ఉన్నా దాన్ని కుదించే ష్రింక్ కొద్దిగానే ఇస్తానంటుంది. పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడేది), హైబర్నేషన్ ఫైల్ (ర్యామ్‌లోది దాచి కంప్యూటర్ ఆపేందుకు) లాంటివి నడిమధ్యలో కూర్చుని జరగవు. హైబర్నేషన్ ఆపే పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్ (powercfg /h off) కొట్టి, పేజ్‌ఫైల్ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ అడిగితే చాలావరకు ఇస్తుంది. పని కాగానే పేజ్‌ఫైల్ తిరిగి పెట్టాలె. విండోస్ 11కే కనీసం 64 జీబీ డ్రైవ్ అడుగుతారు కాబట్టి సీ డ్రైవ్‌ను మరీ పిసరంత చేయొద్దు.

విండోస్ సెటప్‌లో షిఫ్ట్ ఎఫ్10 నొక్కి డిస్కులను విడగొట్టే డిస్క్‌పార్ట్‌ కమాండ్‌కు పోయేవాళ్లు, క్లీన్ కొట్టేముందు లిస్ట్ డిస్క్‌లో సైజు చూసి నంబర్ ఎంచుకోవాలె. క్లీన్ ఒక అర్రను కాదు, ఇల్లు మొత్తం ఊడుస్తుంది.