యాసంగి పొలానికి గమ్‌బూట్లు: నంబరు తప్పితే బురదకే ఇచ్చి రావాలి

యాసంగి (రబీ) వరి నాట్లు ఊపందుకునేది డిసెంబరు ఆఖరు నుంచి జనవరి దాకా. చలి ముదిరేది కూడా అప్పుడే. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు కొన్ని రాత్రులు ఐదారు డిగ్రీలకు దిగుతుంది. వరంగల్ పక్క అంత లేకున్నా, పొద్దుగాల ఏడింటికి మడిలో కాలు పెడితే ఎముక దాకా జిల్లుమంటుంది. అందుకే ఈ కాలంలో గమ్‌బూట్ల కోసం వెతుకుతారు. కొన్న వారం రోజులకు అవి మోటరు కొట్టంలో మూలకు పడి ఉంటాయి. బూటు నాసిరకమై కాదు, చాలాసార్లు అది ఆ పనికి పుట్టిన బూటు కాదు.

ముందు ఏ పనికో తేల్చుకోవాలి. ఒరాలు (పొలం గట్లు) చెక్కడం, నీళ్లు కట్టడం, రాత్రిపూట బోరు దగ్గరికి పోయి రావడం, మందు కొట్టడం, కాలువ పూడిక తీయడం: వీటికి గమ్‌బూటును మించింది లేదు. దమ్ము చేసిన (నీళ్లు పెట్టి దున్ని బురద చేసిన) మడిలో నాటు వేయడానికి మాత్రం మామూలు గమ్‌బూటు పనికిరాదు. లెక్క చూడండి. దమ్ము చేసిన బురద 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు ఉంటుంది, పైన నాలుగైదు సెంటీమీటర్ల నీళ్లు. అంటే కాలు 25 దాకా దిగుతుంది. దుకాణాల్లో ఎక్కువగా దొరికే 11 అంగుళాల బూటు ఎత్తు 28 సెంటీమీటర్లు. మిగిలింది మూడు. ఒక్క అడుగు పక్కకు పడ్డా నీళ్లు లోపలికే. 14, 15 అంగుళాలదైతే నీళ్లు రావు గానీ, బురద పట్టేస్తుంది. నాటు వేసే మనిషి గంటలకొద్దీ వంగి వెనక్కి అడుగులేస్తుంది, ప్రతి అడుగుకూ రెండు చేతులతో బూటు పీక్కుంటూ ఎక్కడ నాటుతుంది? నాటుకు పోయే ఆడవాళ్లు వట్టి కాళ్లతో దిగేది తెలియక కాదు. వాళ్లకు సరిపోయేది పిక్కకు అతుక్కుని ఉండే, మేజోడులా పలుచటి రబ్బరు బూటు. ఆన్‌లైన్‌లో వరి పొలం బూట్లని అమ్ముతున్నారు. అవి నీళ్లను ఆపుతాయి, చలిని పెద్దగా ఆపవు, ముల్లును అసలే ఆపవు.

బురద ఎందుకు పడుతుందో తెలిస్తే తీయడమూ తెలుస్తుంది. బూటు కిందికి గాలి పోదు, అందుకే నిట్టనిలువుగా లాగితే కింద ఖాళీ ఏర్పడి వెనక్కి గుంజుతుంది. మడమ ముందు లేపి, కాలును కొంచెం అటూ ఇటూ తిప్పితే పక్క నుంచి నీళ్లు దిగి పట్టు వదులుతుంది. గట్టిగా లాగితే కాలు బయటికి, బూటు లోపలికి.

ఇక నంబరు. "అన్నా, ఏడు అయిపోయింది, ఎనిమిది తీస్కో, బురదలోకేగా!" అంటాడు షాపాయన. తీసుకోవద్దు. చెప్పు వదులైతే నడక పాడవుతుంది, గమ్‌బూటు వదులైతే దాన్ని బురద తీసుకుంటుంది. పాదాన్ని గోడకు మడమ ఆనించి కాగితం మీద గీసి కొలవండి. 26 సెంటీమీటర్లుంటే ఏడు, 27 దగ్గరుంటే ఎనిమిది, కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ. అడుగున 41, 42 అని ఉంటే అది యూరప్ నంబరు, మన 7, 8కి దగ్గరగా ఉంటుంది. సాయంత్రం పూట, పొలంలో వేసుకునే సాక్సుతోనే వేసి చూడండి. పాదాన్ని ముందుకు తోసి వేళ్లు ఆనిస్తే మడమ వెనుక ఒక వేలు దూరాలి, రెండు దూరకూడదు. పిక్క దగ్గర రెండు వేళ్ల సందు చాలు. తర్వాత షాపు మెట్టు అంచు మీద మునివేళ్లతో నిలబడండి. మడమ లోపల అంగుళం లేచిందంటే ఆ జత మీది కాదు.

రకాల విషయానికొస్తే మార్కెట్‌లో ఎక్కువ ఉండేది పీవీసీ అనే ప్లాస్టిక్‌వి. అచ్చు పోసినవి, కుట్టు ఉండదు, ధర తక్కువ. చలికి కొంచెం బిగుసుకుంటాయి, మోకాలెత్తు జత దాదాపు రెండు కిలోలు తూగుతుంది. అసలు రబ్బరువి మెత్తగా ఉంటాయి, చలిలోనూ వంగుతాయి, ధర ఎక్కువ. ఈవీఏ అని నురుగు లాంటి పదార్థంతో చేసినవి ఉన్నాయి, పీవీసీలో సగం బరువు, వెచ్చదనంలో ఈ రెండింటికంటే మేలు. కానీ ముల్లుకు, పార అంచుకు తొందరగా తెగుతాయి. ఒరం పనికి నన్నడిగితే పీవీసీయే, చలికి సాక్సులతో సర్దుకోవచ్చు. ఐఎస్ఐ ముద్ర వెతకండి: పీవీసీ బూటు మీద ఐఎస్ 12254, రబ్బరు బూటు మీద ఐఎస్ 5557 అని ఉంటుంది.

ముద్ర ఉన్నా చేతితో చూడాల్సింది చూడాలి. చీలమండ దగ్గర బూటును గట్టిగా మడిచి పట్టుకోండి. మడత మీద తెల్లటి గీత తేలి, వదిలాక కూడా పోకపోతే అందులో సుద్దపొడి ఎక్కువ కలిపారు. ఒక కాలం గడిచేసరికి సరిగ్గా ఆ గీత మీదే పగులుతుంది. ఫోను టార్చి వెలిగించి బూటులోకి దింపి, పైన చేత్తో మూసి, చీకటి మూలకు తీసుకెళ్లి చూడండి. సూది మొనంత బెజ్జం ఉన్నా చుక్కలా మెరుస్తుంది, ముఖ్యంగా సోలు, పైభాగం కలిసే అంచున. ఇంటికి తెచ్చాక చీలమండ దాకా నీళ్లు పోసి పాత పేపరు మీద పావుగంట నిలబెట్టండి. పేపరు తడిస్తే బిల్లుతో వెనక్కి పోవడమే, బురద అంటితే ఎవరూ తీసుకోరు.

సోలు మీ నేలను బట్టి. నల్లరేగడిలో సన్నటి, దగ్గర దగ్గర గాట్లున్న సోలు పది అడుగులకే మూసుకుపోతుంది, ఒక్కో కాలికి కిలో మన్ను వేలాడుతుంది. గాట్ల మధ్య వేలు పట్టేంత ఎడం ఉంటే నడకలోనే మన్ను రాలుతుంది. చెలకలో (ఎర్రనేలలో) ఏదైనా నడుస్తుంది. ముల్లు సంగతి వేరు. గాటు మందంగా కనపడుతుంది గానీ, రెండు గాట్ల మధ్య సోలు పలుచన. తుమ్మ ముల్లు దూరేది అక్కడే. చెరువు శిఖంలో (నీళ్లు తగ్గాక తేలే చెరువు నేలలో), సర్కారు తుమ్మ పెరిగిన చోట తిరిగే పని ఉంటే సోలు లోపల ఉక్కు రేకు ఉన్న జత కొనాలి. బొటనవేలి దగ్గర మాత్రమే ఉక్కు టోపీ ఉన్నవాటిని చూపించి "స్టీల్ ఉంది అన్నా" అంటారు. అది మీద రాయి పడితే కాపాడుతుంది, కింది ముల్లుకు దానితో సంబంధం లేదు.

చలికి లోపల బొచ్చు ఉన్న బూట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో కనపడుతున్నాయి. గడ్డకట్టిన సరస్సు మీద రంధ్రం వేసి చేపలు పట్టే దేశాల కోసం వచ్చిన ఆలోచన అది. అక్కడి మనిషి సున్నాకు ఎంతో కింద, కదలకుండా గంటలకొద్దీ మంచు మీద కూర్చుంటాడు. అందుకే మందపాటి ఫెల్టు (ఒత్తిన ఉన్ని) తొడుగు, 400, 800, 1000 గ్రాముల ఇన్సులేషన్ అని రాసి ఉంటుంది. ఆ గ్రాములు బూటు బరువు కావు, చదరపు మీటరుకు ఆ పొర ఎంత తూగుతుందో ఆ లెక్క. మన దగ్గర మనిషి కూర్చోడు, పార పడతాడు. తొమ్మిది దాటితే ఎండ. ఆ బొచ్చులో పాదం చెమటకే నానుతుంది, ఒకసారి తడిస్తే రెండు రోజులు ఆరదు, మూడో రోజు వాసనకు కుక్క కూడా దగ్గరికి రాదు. కొనాలనే ఉంటే తొడుగు బయటికి వచ్చేది కొనండి.

చలి కాలికి ఎక్కేది ఎక్కువగా అడుగు నుంచి. నాలుగైదు మిల్లీమీటర్ల ఫెల్టు గానీ ఈవీఏ షీటు గానీ పాదం ఆకారంలో కోసి లోపల వేస్తే చాలా తేడా తెలుస్తుంది. ఆ అట్ట వేసుకునే ఉద్దేశం ఉంటే అది వేసే నంబరు చూడండి, తర్వాత వేస్తే బిగుతవుతుంది. రెండు జతల సాక్సులు ఇరికిస్తే వేళ్లకు రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. కాటన్ సాక్సు చెమట పీల్చి తడిగానే ఉంటుంది. ఉన్ని, లేదంటే ఉన్ని కలిసినది ఒక్క జత, బూటు అంచు కంటే రెండు అంగుళాలు పైకి వచ్చేట్టు. పొట్టి సాక్సు జారి మడమ కింద ముద్దవుతుంది, అంచు తగిలి పిక్క ఒరుసుకుపోతుంది. రెండు గంటలకోసారి బూట్లు విప్పి కాళ్లు ఆరనివ్వాలి. వేళ్ల సందులు నాని చీలితే ఆ చీలికల్లోంచే ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు లోపలికి పోతాయి.

పాము భయానికి కొనేవాళ్లూ ఉన్నారు, అది సబబే. పొలంలో నాగుపాము, రక్తపింజర కాట్లు ఎక్కువగా పడేది పాదం, చీలమండ మీదే, మోకాలి దాకా బూటు ఉంటే చాలా రక్షణ. కానీ చేత్తో గడ్డి తీసేటప్పుడు బూటు ఏం చేస్తుంది? టార్చి, కర్ర తప్పనిసరి. కాటు పడితే కట్టు కట్టడం, కోయడం వద్దు, 108కి ఫోను చేసి పాము మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి, వరంగల్ పక్క వాళ్లైతే ఎంజీఎంకు.

రబ్బరు బూటు ఉంది కదా అని మోటరు స్టార్టర్ డబ్బా మీద తడి చేయి వేయడం మాత్రం చావును పిలవడమే. కరెంటు పనికి పరీక్షించిన బూట్లు వేరుగా ఉంటాయి. పొలం బూటుకు ఆ హామీ లేదు, లోపల చెమట, బయట బురద, ఎక్కడో ఓ బెజ్జం. అడవి పందుల కోసం కొందరు పెట్టే కరెంటు తీగలు కూడా అంతే, బూటు ఆపదు. ఆ తీగలు చట్టవిరుద్ధం, అనుమతి లేకుండా అడవి జంతువులను వేటాడడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

చేపలు పట్టడానికి చెరువులోకి దిగితే గమ్‌బూటు అంచు దాకా మాత్రమే. పైనుంచి నీళ్లు నిండితే, నీటిలో ఆ నీళ్లకు బరువు ఉండదు గానీ కాలు ఆడదు, గట్టెక్కేటప్పుడు ఆ నీళ్లన్నీ మోయాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలోనూ, ఆ తర్వాతా జేసీబీలు పూడిక తీసిన చెరువుల్లో లోతు ఒక్కసారిగా మారే గుంతలున్నాయి, మోకాలి నీళ్లు రెండు అడుగుల్లో ఛాతీ దాకా వస్తాయి. తెప్ప ఎక్కేవాళ్లు బూటు ఒడ్డునే విడవాలి. ఛాతీ దాకా వచ్చే వేడర్లు (బూటు కలిసే ఉన్న, నీళ్లు దిగని ప్యాంటు) వేసుకుంటే నడుముకు బెల్టు బిగించాలి, లేకుంటే పడితే లోపల నీళ్లు నిండుతాయి. మత్తడి దుంకే (చెరువు అలుగు పారే) చోట రాళ్ల మీద పాచికి ఏ రబ్బరు సోలూ ఆగదు, అక్కడ బూటు మారిస్తే లాభం లేదు, చోటే మార్చాలి.

మందు కొట్టేటప్పుడు ప్యాంటు బూటు మీదికి ఉండాలి, లోపలికి దోపితే కారిన మందు నేరుగా పాదం దగ్గరికే చేరుతుంది. నీళ్లు కట్టేటప్పుడు దీనికి ఉల్టా, లోపలికి దోపాలి. పని అయ్యాక బయట నీళ్లతో కడిగి, లోపల పాత పేపరు కుక్కి, నీడన కర్రకు తలకిందులుగా పెట్టండి. ఎండలో, పొయ్యి దగ్గర పెట్టిన పీవీసీ గట్టిపడి పగులుతుంది. డీజిలుతో తుడిస్తే రబ్బరు ఉబ్బుతుంది, పీవీసీ బిగుసుకుపోతుంది. తెల్లారి వేసుకునే ముందు బోర్లించి మడమ మీద రెండు దెబ్బలు కొట్టండి, తేలో జెర్రో ఉంటే రాలుతుంది.

బెజ్జం పడితే అసలు రబ్బరు బూటుకు సైకిల్ పంచరు ప్యాచీ, సొల్యూషను చక్కగా పడతాయి. పీవీసీకి అవి వారం కూడా ఆగవు, దానికి వినైల్ అంటించే గమ్ము, పీవీసీ ముక్క కావాలి. పైపులకు వాడే గమ్ము రాస్తే మాత్రం ఎండాక రాయిలా అవుతుంది, కాలు వంగే చోట అయితే మర్నాడే దాని పక్కన కొత్త పగులు.