పెరటాశి గుడ్లు, పదింటి కొత్తిమీర

కిరాణా సరుకులు ఇంటికి చేర్చే కంపెనీలో డేటా సైన్స్ ఉద్యోగం అంటే మా వీధిలో ఇంకా "కంప్యూటర్లో ఏదో" అనే అంటారు. నిజానికి నా రోజంతా గుడ్లు, బెల్లం, కొత్తిమీర కట్టల చుట్టూనే.

తిరుపతిలో పెరటాశి నెల వస్తే చాలా ఇళ్లల్లో నీచు ముట్టరు, గుడ్ల ఆర్డర్లు పడిపోతాయి. అది సౌరమాసం, ఏటా సెప్టెంబరు మధ్యలోనే మొదలవుతుంది కాబట్టి ఎప్పుడు ఎంత సరుకు అమ్ముడవుతుందో అంచనా వేసే మా ప్రోగ్రామ్ (మోడల్ అంటాం) ఇట్టే పట్టేస్తుంది. తంటా అంతా వినాయక చవితితోనే. తిథి లెక్క కదా, 2024లో సెప్టెంబరు 7, 2025లో ఆగస్టు 27. పోయినేడు ఇదే తేదీన ఎంత అమ్మామని చూసి తెప్పిస్తే బెల్లం గోడౌన్లో మూలుగుతుంది. అందుకే మోడల్ చూసే డేటాలో పంచాంగాన్నే ఒక కాలమ్‌గా ఇచ్చాం. (మా నాయన తెగ మురిసిపోయాడు.)

కొత్తిమీరది ఇంకో కథ. పొద్దున పదికే అయిపోతే అమ్మకం తక్కువని లెక్క చూపిస్తుంది, అడిగినోళ్లు తక్కువని కాదు. సరుకు లేని గంటల్ని పక్కన పెట్టి అంచనా వేయాలి. సంచులు సర్దే అక్క ఏ మోడలూ లేకుండానే అనేసింది: "లేనిదాన్ని ఎట్ల కొంటారు సార్?"

ఈ వారం నుంచి కట్టలు ఎక్కువే తెప్పిస్తున్నాం. మిగిలి వాడిపోతే మాత్రం మేనేజరు మొహం చూడలేం.